ఫైల్ నేమ్ తప్పు, సినిమా అసలుది

1915లో దాదాసాహెబ్ ఫాల్కే అగ్గిపుల్లలను కొంచెం కొంచెం జరుపుతూ, జరిపినప్పుడల్లా ఒక్కో ఫ్రేమ్ తీస్తూ ఓ చిన్న సినిమా చేశాడు. పేరు 'అగకాడ్యాంచి మౌజ్', అంటే అగ్గిపుల్లల తమాషా. మన దేశంలో యానిమేషన్ అక్కడే మొదలైందంటారు. చూద్దామంటే ప్రింట్ లేదు. 1921 నాటి మన తొలి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ'ది కూడా అదే కథ.

అప్పటి రీళ్లు నైట్రేట్ ఫిల్మ్. ఇట్టే అంటుకుంటాయి, దాచినా పాడవుతాయి. పైగా ఆడేసిన కామెడీ ముక్కని దాచాలని ఎవరికి తోస్తుంది?

అయినా కొన్ని దొరుకుతాయి. ఎలాగో జపాన్ కథ చెప్తుంది. మిక్కీ కంటే ముందు వాల్ట్ డిస్నీకి ఓస్వాల్డ్ అనే కుందేలు ఉండేది. 1927-28లో దానితో 26 కామెడీ షార్ట్‌లు తీశాడు. వాటిలో కొన్ని మాయమయ్యాయి, 'నెక్ ఎన్ నెక్' అందులో ఒకటి. ఒసాకాలో యాసుషి వతనబె అనే హైస్కూల్ కుర్రాడు బొమ్మల హోల్‌సేల్ షాపులో 500 యెన్లకు ఓ 16 ఎం.ఎం. రీలు కొన్నాడు. దాని మీద 'మిక్కీ' అని రాసుంది. తర్వాత ఆయన యానిమేషన్ చరిత్రకారుడయ్యాడు. సుమారు 70 ఏళ్లకు, పోయిన ఓస్వాల్డ్ సినిమాల మీద ఓ పుస్తకం చదివాక అనుమానం వచ్చింది. అది 'నెక్ ఎన్ నెక్' అని 2018లో తేలింది. ఉన్నది రెండు నిమిషాలే!

మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే, మెయిన్ సర్వర్ పోయింది, పిల్లల బొమ్మగా అమ్మిన కాపీ బ్యాకప్ అయింది. ఫైల్ నేమ్ మాత్రం తప్పు. కలెక్టర్ల పిచ్చి అంతా ఇక్కడే ఉంది. పేరు తప్పున్న డబ్బాలో ప్రపంచంలోని ఆఖరి కాపీ ఉండొచ్చు.

కానీ ఒక చిక్కుంది. ఎవరికీ చూపించకపోతే 'నా దగ్గరే ఉంది' అనే గొప్ప మిగులుతుంది. ఈలోపు రీలు చచ్చిపోతుంది. తర్వాత వచ్చిన అసిటేట్ ఫిల్మ్ కూడా వేడికి, తేమకి కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది. స్కాన్ చేయిస్తే రీలు ఎక్కడికీ పోదు, సినిమా మాత్రం బతుకుతుంది.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎండలు తెలిసినవే. మూతపడ్డ టాకీసులోనో, పాత ట్రంకు పెట్టెలోనో రీలు కనిపిస్తే పాత సామాన్లోడికి వేసేయకండి. ప్రొజెక్టర్‌కి ఎక్కించకండి, తెగిపోతుంది. కొసని వెలుతురుకి పట్టి ఫ్రేములు చూడండి. పుణెలో 1964 నుంచి నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, వాళ్లకి రాయండి. డబ్బా మీద పేరుని మాత్రం నమ్మకండి.