పాలమూరు పళ్లెంలో సస్యాహారం: బరువు, హృదయారోగ్యాలపై దాని ప్రభావం

వ్యాససంగ్రహం:
మొక్కల నుండి లభించే ఆహారం బరువును అదుపులో ఉంచి గుండెకు మేలు చేస్తుందన్నది ప్రసిద్ధమైన అభిప్రాయం. అయితే మొక్కల ఆహారమంతా ఒకే విధంగా పనిచేయదు. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల భోజనరీతిని ఆధారంగా చేసుకొని ఈ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సస్యాహారం, జొన్న, పల్లీలు, పప్పుధాన్యాలు, స్థూలకాయం, హృద్రోగం, పాలమూరు.

1. ఉపోద్ఘాతం:
సస్యాహారం, శాకాహారం పర్యాయపదాలు కావు. మాంసాన్ని పూర్తిగా విడిచిపెట్టడం శాకాహారం. ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు, గింజలు ప్రధానంగా ఉండి, మాంసం అరుదుగా చేరే భోజనం సస్యాహారం. ఈ నిర్వచనం ప్రకారం, పండుగకో జాతరకో మాత్రమే మాంసం వండుకొన్న పాలమూరు పేద ఇళ్ల పాత భోజనం సస్యాహారమే. అది సిద్ధాంతం వల్ల ఏర్పడింది కాదు. వానను నమ్ముకొన్న సేద్యం వల్ల, లేమి వల్ల ఏర్పడింది.

2. పంట, పళ్లెం:
పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ మొదలు నల్లమల అంచు వరకు మెట్టపొలాల్లో జొన్న, కంది, వేరుశనగ పండాయి. జొన్నరొట్టె లేదా గటక, పప్పు, పుంటికూర, పల్లీలపొడి ఆ నేల ఇచ్చిన భోజనం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. తరువాత జూరాల, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి పథకాల నీటితో వరి విస్తరించింది. 2025 నుండి రేషన్ దుకాణాల్లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం అందుతున్నది. ఆకలిని తీర్చడంలో ఈ మార్పుల మేలు తక్కువది కాదు. అయితే అన్నం పెరిగి పప్పు పలచబడిన పళ్లెం కూడా సస్యాహారమే. చిక్కు అంతా ఇక్కడే ఉంది.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో పీచు సుమారు 10 గ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపే. మాంసకృత్తులు బియ్యంలో సుమారు 8, కందిపప్పులో 22, పల్లీల్లో 24 గ్రాములు.

3. బరువుపై ప్రభావం:
పీచు ఎక్కువగా ఉన్న ఆహారాన్ని నమలడానికి సమయం పడుతుంది. తక్కువ కేలరీలతోనే కడుపు నిండుతుంది. అందువల్ల రొట్టె అన్నం కంటె మేలని చెప్పడం సహజం. కాని ఆ మాట సగమే నిజం. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఆధారంగా 2025లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో వెలువడిన అధ్యయనం, భారతీయుల ఆహారశక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నదని తెలిపింది. మొత్తం పిండిపదార్థం తగ్గకుండా బియ్యం స్థానంలో చిరుధాన్యాల పిండి చేరినంత మాత్రాన మధుమేహపు ముప్పు తగ్గినట్లు కనబడలేదు. ఆ శక్తిలో 5 శాతాన్ని పప్పులు, పాలు మొదలైన వాటి మాంసకృత్తులతో భర్తీ చేసిన లెక్కలో ముప్పు తగ్గింది. కాబట్టి రొట్టె ఒక్కటే చాలదు; దాని పక్కన ఉండే పప్పే కీలకం. పల్లీల్లో 40 శాతం వరకు కొవ్వు ఉన్నందున రోజుకు పిడికెడు చాలు. పాత భోజనంతో పాటు నాగలి, పార పనుల శ్రమ కూడా ఉండేదని మరువరాదు.

4. హృదయంపై ప్రభావం:
కరిగే పీచు పేగుల్లో పైత్యరసపు ఆమ్లాలను పట్టి బయటకు పంపుతుంది. వాటిని మళ్లీ తయారు చేయడానికి కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్ కొలెస్టరాల్‌ను వాడుకొంటుంది. 2,372 మందిపై జరిగిన 30 ప్రయోగాలను సమీక్షించి 2023లో ‘యూరోపియన్ హార్ట్ జర్నల్’ ప్రచురించిన విశ్లేషణలో, శాకాహారం వల్ల ఎల్‌డీఎల్ సుమారు 10 శాతం తగ్గినట్లు తేలింది.

అయితే 2017లో రెండు లక్షలకు పైగా అమెరికన్ ఆరోగ్యవృత్తుల వారిపై వెలువడిన అధ్యయనం మరో పార్శ్వాన్ని చూపింది. ముడిధాన్యాలు, పప్పులు, గింజలు, కూరగాయలు ఎక్కువగా తిన్నవారిలో హృద్రోగపు ముప్పు 25 శాతం తక్కువ. పాలిష్ ధాన్యాలు, చక్కెర పానీయాలు, మిఠాయిలతో కూడిన సస్యాహారం తిన్నవారిలో అది 32 శాతం ఎక్కువ. రెండూ మొక్కల ఆహారాలే. ఫలితాలు మాత్రం పరస్పర విరుద్ధం. అన్నం, తీపి చాయ, మిర్చిబజ్జీలతో గడిచే రోజు మాంసం లేనంత మాత్రాన గుండెకు రక్షణ కాదు.

5. పరిమితులు:
మొక్కల్లో బి12 విటమిన్ దాదాపు ఉండదు. పెరుగు, మజ్జిగ, గుడ్డు ఆ లోటును తీరుస్తాయి. ధాన్యాల్లోని ఇనుము ఒంటబట్టడానికి నిమ్మ, ఉసిరి తోడ్పడతాయి. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరవచ్చు గనుక వాటిని పారవేయాలి. పచ్చళ్లతో కలిపి ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు.

6. ముగింపు:
1. సస్యాహారపు మేలు మాంసం లేకపోవడంలో కంటె, దాని స్థానంలో ఏమి చేరిందన్న దానిపై ఎక్కువగా ఆధారపడుతుంది.
2. జొన్నను మాత్రమే తిరిగి తేవడం చాలదు. జొన్న, కంది, పల్లీ, పుంటికూర కలిసిన పూర్తి పళ్లెం తిరిగి రావాలి.
3. ఉచిత బియ్యం అందే ఇంటికి పప్పు భారం కాకుండా చూడటం ఆహారవిధానం బాధ్యత. రేషన్ సంచిలో కందిపప్పుకు చోటు దొరికితే, ఈ జిల్లాల మెట్టరైతుకూ, తినేవారి గుండెకూ ఏకకాలంలో మేలు జరుగుతుంది.