వార్తల్లో పదం: కోఆర్డినేటర్

మనకు కోఆర్డినేటర్ అంటే ఏ పథకానికో సమన్వయకర్త. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో మాత్రం హెడ్ కోచ్ తర్వాతి పెద్ద కుర్చీ. దాడికొకరు, రక్షణకొకరు. చెవులకు హెడ్‌సెట్, చేతిలో లామినేట్ చేసిన పెద్ద అట్ట. మైదానం అంచున నిలబడో, పైనున్న గాజు గదిలో కూర్చునో తర్వాతి ఎత్తు ఏదో చెప్పేది ఈయనే. మూడో ప్రయత్నంలో ఎనిమిది గజాలు కావాల్సినప్పుడు బంతిని నేరుగా గుంపులోకి తోయించాడా, ఇక స్టేడియమంతా తిట్లే.

సీజన్ ముగిస్తే ఎవరిని తేవాలన్న పంచాయితీ మొదలవుతుంది. ఆటలో పట్టు ఒక్కటే చాలదు. కోఆర్డినేటర్ సగం శిక్షకుడు, సగం పెళ్లిళ్ల పేరయ్య. హైస్కూలు కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి అమ్మానాన్నలను ఒప్పించాలి. అందుకే, ఇలా ఇళ్లు తిరిగే పని లేని ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి దిగేవారిపై అభిమానులకు కాస్త అనుమానంగానే ఉంటుంది. అది అన్యాయమేమీ కాదు.

పేరున్నవాణ్ని తెచ్చుకున్నా భరోసా లేదు. 2025 జనవరిలో ఒహైయో స్టేట్ యూనివర్సిటీ జట్టు జాతీయ విజేత అయింది. కొద్ది రోజులకే దాని డిఫెన్స్ కోఆర్డినేటర్ జిమ్ నోల్స్ ప్రత్యర్థి పెన్ స్టేట్‌కు వెళ్లిపోయారు. అక్కడివాళ్లు పండగ చేసుకున్నారు. అయినా అక్టోబరుకల్లా పెన్ స్టేట్ తన హెడ్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌నే సాగనంపింది.