అర్థం చేసుకోకుండానే దారి చూపే సూచిక

లినక్స్ కెర్నెల్ సోర్స్ కోడ్ 3 కోట్ల లైన్లు దాటిపోయింది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లెవరూ ఉండరు. అందులో రోజూ పనిచేసేవాళ్లు కూడా ఏదో ఒక మూల పట్టుకుని, అక్కడ కనిపించిన పేర్ల వెంట నడుస్తారు. ఒక ఫంక్షన్ చదువుతుంటే మధ్యలో ఇంకో ఫంక్షన్ పేరు తగులుతుంది. అదేం చేస్తుందో తెలియందే ఇది అర్థం కాదు. కాబట్టి దాని నిర్వచనం ఏ ఫైల్లో ఉందో పట్టుకోవాలి, చదవాలి, తిరిగి బయల్దేరిన చోటికి రావాలి. ఈలోగా అక్కడ మూడో పేరు తగిలితే మళ్లీ అదే తంతు. ఈ తిరుగుడు తగ్గించడానికి పుట్టిన పనిముట్టు సీట్యాగ్స్. కోడ్ మొత్తాన్ని ఒకసారి చదివి, ఏ పేరు ఏ ఫైల్లో ఎక్కడ నిర్వచితమైందో ఒక సూచిక తయారుచేసి పెడుతుంది. ఎడిటర్ ఆ సూచిక చూసి కర్సర్‌ని సరైన చోటికి చేరుస్తుంది. విచిత్రమేమిటంటే, కంపైలర్‌కి అర్థమైనట్టు ఈ పనిముట్టుకి కోడ్ అర్థం కాదు. పైపైన చూసి, ఇది ఫంక్షన్‌లా ఉంది అనుకున్నదాన్ని రాసుకుంటుంది. ఇంత తక్కువ తెలిసిన పనిముట్టు నాలుగు దశాబ్దాలకు పైగా నిలవడానికి పాత అలవాటు ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. అది కోడ్ నుంచి చాలా తక్కువ కోరుతుంది కాబట్టే, ఎక్కువ తెలిసిన పనిముట్లు అడుగుపెట్టలేని చోట్లకి కూడా వెళ్లగలుగుతోంది.

సీట్యాగ్స్‌ని మొదట రాసింది కెన్ ఆర్నాల్డ్. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1979 చివర్లో విడుదల చేసిన 3బీఎస్‌డీ యూనిక్స్‌తో అది బయటికొచ్చింది. జిమ్ క్లెక్నర్ దానికి ఫోర్‌ట్రాన్ నేర్పాడు. వీఐ ఎడిటర్‌ని రాసిన బిల్ జాయ్ పాస్కల్ నేర్పాడు. అది తయారుచేసే ఫైలుని తెరిచి ఒక్క లైను చూస్తే చాలు, దాని ఆలోచనంతా తెలిసిపోతుంది. లైనులో మూడు భాగాలుంటాయి, వాటి మధ్య ట్యాబ్ ఖాళీలు. మొదటిది పేరు, రెండోది ఫైలు, మూడోది ఆ ఫైల్లో ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఆదేశం. ఆ ఆదేశం ఎక్కువగా లైను నంబరుగా ఉండదు. నిర్వచనం ఉన్న లైను మొత్తాన్ని రెండు ఏటవాలు గీతల మధ్య ఎత్తి రాస్తుంది. ముందు ^, చివర $ పెడుతుంది, అంటే 'సరిగ్గా ఇలా మొదలై ఇలా ముగిసే లైనుని వెతుకు' అని. ఎడిటర్ ఫైలు తెరిచి ఆ వెతుకులాట చేస్తుంది. లైను నంబరు వేస్తే ఇంకా చిన్నగా ఉండేది కదా అని అడగొచ్చు. కానీ కోడ్ నిలకడగా ఉండే వస్తువు కాదు. ఫైలు పైభాగంలో ఎవరో రెండు లైన్లు చేర్చారంటే కింది నంబర్లన్నీ తప్పిపోతాయి. నిర్వచనం లైను మాత్రం అలాగే ఉంటుంది. పేరో, పారామీటర్లో మార్చినప్పుడు తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు.

సూచిక పాతబడిపోతుందన్నది దీని మీద అందరూ మొదట వేసే నింద. అందులో నిజం ఉంది. నిన్న తయారుచేసిన సూచికకి ఇవాళ రాసిన ఫంక్షన్ తెలియదు. అయితే ఎంత పాతబడింది, పాతబడితే ఎంత నష్టం అన్న ప్రశ్నలు వేరు. లైనునే వెతికే పద్ధతి వల్ల, ఫైల్లో చుట్టుపక్కల ఎన్ని మార్పులు జరిగినా పాత సూచిక పనిచేస్తూనే ఉంటుంది. నిర్వచనం లైనే మారినప్పుడు ఏం జరుగుతుందో విమ్ ఎడిటర్‌లో చూడొచ్చు. ముందు రాసినట్టుగా వెతుకుతుంది. దొరక్కపోతే పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వదిలేసి వెతుకుతుంది. అప్పటికీ దొరక్కపోతే, ఆ పేరు తర్వాత కుండలీకరణం తెరుచుకున్న చోటు కోసం చూసి అక్కడికి తీసుకెళ్తుంది. ఇలా వెళ్లినప్పుడు, ట్యాగ్ దొరకలేదు, ఊహించి తెచ్చాను అన్న అర్థంలో ఒక సందేశం కూడా చూపిస్తుంది. ఊహించిన చోట ఊహించానని చెప్పడం నాకు ఎంతో నచ్చిన మర్యాద. వాడేవాడికి ఆ జవాబుని ఎంతవరకు నమ్మాలో దాంతో తెలుస్తుంది. ఇక సూచికని మళ్లీ తయారుచేయడం మామూలు ప్రాజెక్టుల్లో క్షణాల పని. కోడ్ మార్పుల చరిత్రని దాచే గిట్‌లో మార్పులు భద్రపరిచిన ప్రతిసారీ దానంతటదే జరిగేలా పెట్టుకునేవాళ్లు చాలామంది.

ఈ ఫైలు అక్షరక్రమంలో ఉంటుంది. అక్షరక్రమమంటే ఏ భాష వర్ణమాలో కాదు, బైట్ల విలువల వరస. ఎడిటర్ సూచిక మధ్యలోకి వెళ్లి, కావాల్సిన పేరు అంతకు ముందుందా వెనకుందా చూసి, సగం వదిలేస్తూ పోతుంది. 10 లక్షల పేర్లున్న సూచికలో కూడా 20 పోలికల్లో పని అయిపోతుంది. అప్పటి కంప్యూటర్ల మీద ఇది అవసరం, ఇప్పటి వాటి మీద వరం. ఫార్మాట్ ఎంత సాదాగా ఉందంటే, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని పగలగొట్టకుండానే పెంచగలిగారు. డారెన్ హీబర్ట్ రాసిన ఎగ్జూబరెంట్ సీట్యాగ్స్, ఆ పేరు ఫంక్షనా, మాక్రోనా, స్ట్రక్చరా అన్న వివరం కూడా రాయాలనుకుంది. కానీ పాత వీఐకి మూడు భాగాలే తెలుసు, నాలుగోది కనిపిస్తే తికమకపడుతుంది. అందుకని ఆదేశం చివర ఒక సెమీకోలన్, ఒక జంట కొటేషన్ గుర్తు పెట్టి, అదనపు వివరాలు వాటి తర్వాత రాశారు. వీఐ ఆదేశాల్లో ఆ కొటేషన్ గుర్తు తర్వాత ఉన్నదంతా వ్యాఖ్య కింద లెక్క. పాత ఎడిటర్ దాన్ని పట్టించుకోదు, కొత్త ఎడిటర్ చదువుకుంటుంది. ఇంతకంటే శుభ్రమైన సర్దుబాటు సాఫ్ట్‌వేర్‌లో అరుదు. విమ్ సహాయ పుటల్లో ఒక అంశం నుంచి ఇంకో అంశానికి దూకడం కూడా ఇదే ఫార్మాట్ మీద నడుస్తుంది. అక్కడ ప్రోగ్రామింగ్ భాషే లేదు, మామూలు వచనం. నక్షత్రం గుర్తుల మధ్య రాసిన పదాలే ట్యాగులు.

పేర్లని పట్టుకునే పని ఎలా జరుగుతుందన్నది అసలు ఆసక్తికరమైన భాగం. సీ భాషలో కంపైలర్ కోడ్ చదవడానికి ముందు ప్రీప్రాసెసర్ నడుస్తుంది. హెడర్ ఫైళ్లని తెచ్చి అతికిస్తుంది, మాక్రోలని విప్పుతుంది, షరతులు చూసి కొన్ని భాగాలు ఉంచి కొన్ని తీసేస్తుంది. సీట్యాగ్స్ ఈ పనులు చేయదు. రాసింది రాసినట్టుగా చదువుతుంది. దాంతో ఒక చిక్కు వస్తుంది. షరతు నిజమైతే ఒక రకంగా, కాకపోతే ఇంకో రకంగా ఫంక్షన్ మొదలయ్యేలా రాసిన చోట, రెండు కర్లీ బ్రాకెట్లు తెరుచుకుని ఒకటే మూతపడినట్టు కనిపిస్తుంది. లెక్క తప్పి, ఆ తర్వాత ఫైలంతా ఆ ఒక్క ఫంక్షన్ లోపలే ఉందనుకునే ప్రమాదం ఉంది. ఎగ్జూబరెంట్ సీట్యాగ్స్ దీనికి ఓ ఉపాయం పెట్టుకుంది. ఫైలు చివరికొచ్చాక బ్రాకెట్ల లెక్క తేలకపోతే, అదే ఫైలుని రెండోసారి వేరే సూత్రంతో చదువుతుంది. లైను మొట్టమొదటి గడిలో మూసిన బ్రాకెట్ కనిపిస్తే ఫంక్షన్ అక్కడ ముగిసినట్టే అనుకుంటుంది. ఇది సీ భాష వ్యాకరణంలో ఎక్కడా లేని నియమం. కానీ సీ రాసే మనుషులు దాదాపు అందరూ పాటించే అలవాటు. భాషా నియమం చేతికి అందనప్పుడు రాసేవాళ్ల అలవాటుని సాక్ష్యంగా తీసుకోవడంలో గొప్ప వివేకం ఉందంటాను.

అలవాటు సరిపోని చోట మనిషి చెయ్యి పడాలి. కెర్నెల్‌లో ఫైలు చదవడానికి వాడే సిస్టమ్ కాల్ నిర్వచనం ఎఫ్ఎస్ డైరెక్టరీలో ఉంది. పాత పేరు సిస్_రీడ్. కానీ ఆ పేరుతో వెతికితే నిర్వచనంలో ఆ పేరే కనిపించదు. అక్కడున్నది సిస్‌కాల్_డిఫైన్3 అన్న మాక్రో. దాని కుండలీకరణంలో మొదటి మాట రీడ్, ఆపైన మూడు పారామీటర్ల రకాలు, పేర్లు. చివరి 3 అంకె పారామీటర్ల సంఖ్య. మాక్రో విప్పని పనిముట్టుకి సిస్_రీడ్ అక్కడ నిర్వచితమైందని తెలిసే మార్గమే లేదు. కెర్నెల్ రాసేవాళ్లు దీన్ని ఒక్క లైనుతో తీర్చారు. ఈ మాక్రో, దాని వెనక ఒక అంకె, కుండలీకరణంలో కామా దాకా ఏ మాట కనిపిస్తే దాని ముందు 'సిస్_' చేర్చి సూచికలో రాసుకో అన్న నమూనా అది. సూచికలు తయారుచేయడానికి కెర్నెల్‌తోపాటే వచ్చే స్క్రిప్టులో ఇలాంటి లైన్లు ఎన్నో ఉన్నాయి, ఒక్కో మాక్రో కుటుంబానికి ఒక్కోటి. ఇవి అతుకులే, కాదనను. కానీ ఆ అతుకు ఎవరైనా వేయగలరు. ఎందుకు తప్పిందో ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది, దిద్దడానికి కంపైలర్ నిర్మాణం తెలియక్కర్లేదు. సరళమైన పనిముట్టు తరచూ తప్పుతుంది, నిజమే. తప్పినప్పుడు బాగుచేసే శక్తి వాడేవాడి చేతిలోనే ఉంటుంది.

ఇక గట్టి అభ్యంతరానికి వద్దాం. 2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ప్రకటించింది. ప్రతి ఎడిటర్ ప్రతి భాషకీ విడిగా ఏర్పాటు చేసుకోనక్కర్లేకుండా, భాషకొక సర్వర్ ఉంటే ఏ ఎడిటరైనా దాన్ని అడిగి తెలుసుకోవచ్చన్నది దాని సారం. ఆ సర్వర్ కంపైలర్ చదివినట్టే కోడ్ చదువుతుంది. ఒకే పేరు నాలుగు చోట్ల ఉంటే, ఇక్కడ వాడింది వాటిలో ఏదో కచ్చితంగా చెబుతుంది. ఇది చేతిలో ఉండగా ఊహల సూచిక ఎందుకన్నది ప్రశ్న. ఆ కచ్చితత్వానికి ఓ ధర ఉంది. సీ భాషకి క్లాంగ్‌డీ సర్వర్ సరిగ్గా పనిచేయాలంటే, ఏ ఫైలుని ఏ ఆప్షన్లతో కంపైల్ చేస్తారో తెలిపే జాబితా దానికివ్వాలి. హెడర్లన్నీ అందుబాటులో ఉండాలి. అన్నీ అమరినా, ఆ జాబితా చెప్పిన ఒక్క కాన్ఫిగరేషన్‌నే అది చూస్తుంది. కెర్నెల్‌లో స్టార్ట్_థ్రెడ్ అన్నది ఇంటెల్ ప్రాసెసర్లకి ఒక చోట, 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లకి ఇంకో ఫైల్లో, మిగతా ఆర్కిటెక్చర్లకి వేరే చోట్లా నిర్వచితమై ఉంటుంది. ఇంటెల్‌కి కంపైల్ చేస్తున్న కచ్చితమైన పనిముట్టుకి ఆర్మ్ రూపం ఉన్నట్టే తెలియదు. కెర్నెల్ స్క్రిప్టు కూడా మామూలుగా ఒక్క ఆర్కిటెక్చర్‌కే సూచిక చేస్తుంది కానీ, అన్నీ కావాలని అడిగితే అన్నీ ఎక్కిస్తుంది. కంపైల్ కాని కోడ్, సగం రాసిన కోడ్, ఎప్పుడో మూలపడిన ప్రాజెక్టు కోడ్, ఇవన్నీ సీట్యాగ్స్‌కి ఒకటే. ఎవరో రాసి వదిలేసిన పాత ప్రోగ్రాముని విప్పి చూడాల్సిన ఉద్యోగాలు హైదరాబాద్‌లోనూ, తెలుగువాళ్లు పనిచేసే మిగతా నగరాల్లోనూ తక్కువేం కాదు. కంపైల్ చేసే దారి ఇంకా తెలియని మొదటి వారంలోనే మనిషికి దారి చూపేది ఎక్కువ కావాలి.

అయినా ఈ వాదనని ఎంతదూరం లాగొచ్చో అంతే లాగాలి. పైథాన్‌లో సేవ్, గెట్ లాంటి పేర్లతో పెద్ద ప్రాజెక్టులో వందల మెథడ్లుంటాయి. అక్కడ సీట్యాగ్స్ ఇచ్చేది జవాబు కాదు, జాబితా. ఈ చిక్కు మొదటి రోజు నుంచీ తెలిసిందే. ప్రతి సీ ప్రోగ్రాములోనూ మెయిన్ ఉంటుంది కాబట్టి, బర్క్‌లీ సీట్యాగ్స్ ఆ ఒక్క పేరుకి మినహాయింపు ఇచ్చి, దాని బదులు ఫైలు పేరుకి ముందు ఎమ్ అక్షరం చేర్చి రాసేది. వస్తువుల మెథడ్లకి అలాంటి చిట్కా చాలదు, రకాలు తెలిసిన సర్వరే కావాలి. ఒక పేరుని కోడ్ అంతటా మార్చాలన్నప్పుడు కూడా సూచికని నమ్మకూడదు. చదివేటప్పుడు తప్పు చోటికి చేరితే ఒక మీట నొక్కి వెనక్కి వస్తాం. మార్చేటప్పుడు తప్పు చోటికి చేరితే ప్రోగ్రాము పాడవుతుంది. ఒక పేరు ఎక్కడెక్కడ వాడారో తెలియాలంటే బెల్ ల్యాబ్స్‌లో జో స్టెఫెన్ మొదలుపెట్టిన సీస్కోప్ ఉంది, ఫైళ్లలో ఒక మాట ఉన్న లైన్లన్నీ వెతికి చూపే గ్రెప్ ఉంది. గ్రెప్ ఇప్పుడు ఎంత వేగమో చూశాక సూచికే వద్దనేవాళ్లున్నారు. కానీ గ్రెప్‌కి నిర్వచనానికీ వాడకానికీ తేడా తెలియదు. వెయ్యి చోట్ల పిలిచే ఫంక్షన్ నిర్వచనాన్ని ఆ వెయ్యి లైన్లలోంచి ఏరుకునే పని మన కళ్లకే వదిలేస్తుంది. పుస్తకం చివర పదసూచికలో, ఆ మాట వచ్చిన ప్రతి పుటనీ ఇచ్చేదానికీ, విషయాన్ని వివరించిన పుట మాత్రమే ఇచ్చేదానికీ ఉన్న తేడానే ఇది.

పేరు ఆధారంగా నిర్వచనం దగ్గరికి చేర్చే ఈ పద్ధతి పాత ఎడిటర్ల దగ్గరే ఆగిపోలేదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన ఓపెన్‌గ్రోక్ అనే కోడ్ వెతుకులాట వ్యవస్థ లోపల పనిచేసేది సీట్యాగ్సే. ఎగ్జూబరెంట్ చివరి విడుదల 2009లో వచ్చి ఆగిపోతే, దాన్ని అందుకున్న యూనివర్సల్ సీట్యాగ్స్ ఇప్పుడు వందకు పైగా భాషలు చదువుతుంది. గిట్‌హబ్ 2019లో నిర్వచనానికి దూకే సౌకర్యం తెచ్చినప్పుడు, అన్ని ప్రాజెక్టులనీ కంపైల్ చేయడం దాని వల్ల అయ్యే పని కాలేదు. అందుకే ట్రీ-సిట్టర్ అనే పార్సర్‌తో కోడ్ వాక్యనిర్మాణం చూసి, పేర్లు కలిపి చూపించే దారే పట్టింది. సగం రాసిన కోడ్‌ని కూడా ఓర్చుకుని చదవగలగడం ట్రీ-సిట్టర్ ప్రత్యేకత. కృత్రిమ మేధతో కోడ్ రాయించే ఎయిడర్ అనే పనిముట్టుకి 2023లో ఇదే అవసరం పడింది. భాషా నమూనాకి ప్రాజెక్టంతా ఒకేసారి ఇవ్వడం కుదరదు కాబట్టి, ఏ ఫైల్లో ఏ ఫంక్షన్లు, ఏ క్లాసులు ఉన్నాయో చెప్పే సంక్షిప్త పటాన్ని సీట్యాగ్స్‌తో తయారుచేసి ఇచ్చారు. అదే ఏడాది సీట్యాగ్స్ స్థానంలో ట్రీ-సిట్టర్ పెట్టుకున్నారు. ఫంక్షన్ పేరుతోపాటు దాని పూర్తి నిర్వచన లైన్లు తేలిగ్గా తీయొచ్చన్నది కారణం. పార్సర్ మారింది. పేర్లనీ, అవి పుట్టిన ఫైళ్లనీ ముందే ఏరి పెట్టుకునే పని మాత్రం ఆ కొత్త పనిముట్టులోనూ అలాగే జరుగుతోంది.