పరాయి నమూనా – మన భద్రతా వ్యవస్థ

హర్యానాలోని గురుగ్రామ్ జిల్లా మానేసర్‌లో జాతీయ భద్రతా దళపు ప్రధాన స్థావరం ఉన్నది. 1984లో ఏర్పడిన ఈ దళానికి 1986లో పార్లమెంటు చట్టరూపం కల్పించినది. బ్రిటిష్ ఎస్.ఎ.ఎస్., పశ్చిమ జర్మనీకి చెందిన జి.ఎస్.జి. 9 దీనికి ఆదర్శాలు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదకొండుగురు ఇజ్రాయెలీ క్రీడాబృంద సభ్యులు హతులైన పిమ్మట జర్మనీ తన దళాన్ని సరిహద్దు పోలీసు విభాగంలో నెలకొల్పినది. మనవారు ఆ నమూనాను యథాతథంగా స్వీకరించలేదు. దాడి జరిపే విభాగానికి సైన్యం నుండి, తోడ్పడే విభాగానికి పోలీసు దళాల నుండి సిబ్బందిని తీసుకొని, మొత్తాన్ని హోం శాఖ అధీనంలో ఉంచినారు. 1988లో అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం వద్ద జరిగిన ‘బ్లాక్ థండర్’ చర్యలో ఈ కూర్పు సత్ఫలితమిచ్చినది.

కాని జర్మనీ విస్తీర్ణం వేరు, మన విస్తీర్ణం వేరు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయిపై దాడి మొదలుకాగా, మానేసర్ కమాండోలు అక్కడికి చేరేసరికి తెల్లవారినది. ఒకే స్థావరం చాలదని అప్పటికి గాని తేటతెల్లం కాలేదు. 2009లో ముంబయి, చెన్నై, కోల్‌కతాలతో పాటు మన హైదరాబాదులోనూ ప్రాంతీయ కేంద్రాలు వెలసినవి.

ఆయుధాల సంగతి ఇట్లుండగా, సమాచార సేకరణలో అరువు అంత సులువుగా ఇమడలేదు. అమెరికాలో 2004లో ఏర్పడిన ఉగ్రవాద నిరోధక కేంద్రం వంటి సంస్థ మనకూ కావలెనని 2009 డిసెంబరులో నాటి హోం మంత్రి పి. చిదంబరం ప్రతిపాదించినారు. 2012 ఫిబ్రవరిలో ఉత్తర్వు వెలువడినది. చిక్కు అక్కడే వచ్చినది. అమెరికా కేంద్రం పని వివిధ శాఖల సమాచారాన్ని క్రోడీకరించి విశ్లేషించడం; దానికి అరెస్టు అధికారం లేదు. బ్రిటన్‌లోని ఎం.ఐ.5కూ లేదు, అరెస్టులు పోలీసుల పని. మన ఉత్తర్వు మాత్రం కేంద్రాన్ని ఇంటెలిజెన్స్ బ్యూరోలో భాగం చేసి, సోదా, అరెస్టు అధికారాలను సైతం కట్టబెట్టినది. మూలంలో లేనిది నకలులో చేరినదన్నమాట!

మన రాజ్యాంగంలో పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోని అంశం. రహస్యంగా సమాచారం సేకరించే సంస్థయే మనిషిని నిర్బంధించగలిగితే జవాబుదారీ ఎవరన్న ప్రశ్న కూడ తలెత్తినది. పలువురు ముఖ్యమంత్రులు అభ్యంతరం తెలిపినారు. అది కేవలం రాజకీయ పట్టుదల అనడం సమంజసం కాదు. 2012 మే 5న ఢిల్లీలో జరిగిన ముఖ్యమంత్రుల సమావేశంలో ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ కేంద్రం రూపుదాల్చనే లేదు. కార్గిల్ యుద్ధానంతర సమీక్ష ఫలితంగా 2001లో ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఏర్పడిన బహుళ సంస్థల కేంద్రమే, ముంబయి దాడి తరువాత బలపడి, కేంద్ర రాష్ట్రాల మధ్య సమాచార వినిమయాన్ని నిర్వహిస్తూ వస్తున్నది. దానికి అరెస్టు అధికారం లేదు.