యంత్రము పలుకును, చెవి వినవలెను

1998 నవంబరులో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి హైదరాబాదు మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. రాతిగుట్టలుండిన ఆ ప్రాంతము నేడు అద్దాల మేడలతో నిండినది. అచట పగలెల్ల కంప్యూటరు ముందు గడపు ఉద్యోగులలో సంగీతప్రియులు కొందరు, రాత్రివేళ ఒక కీర్తన వినుటకై లక్షల రూపాయలు వెచ్చించి ధ్వనియంత్రములను సమకూర్చుకొనుచున్నారు. వ్యయము పెరిగినకొలది సంగీతమును అంత ఎక్కువగా దక్కునా? ఇది ధనికుల ప్రశ్న మాత్రమే కాదు; పిల్లలకు వినుట నేర్పవలసిన ఉపాధ్యాయుల ప్రశ్న కూడ.

తంబురతో మొదలు పెట్టుదము. ఒకటవ శ్రుతిలో పాడు గాయకుని మధ్యషడ్జము సెకనునకు సుమారు 131 కంపనములు. తంబురలోని మంద్రషడ్జము అందులో సగము, అనగా సుమారు 65. చేతి ఫోనులోని చిన్న స్పీకరు అంతటి మంద్రధ్వనిని దాదాపు పలికింపనే లేదు. అయినను మనకు షడ్జము తెలియుచునే యున్నది. ఏలయన, తంత్రి మ్రోగినపుడు మూలధ్వనితోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపనములుగల పైధ్వనులును పుట్టును. వానిని విని మన మెదడు లోపించిన మూలమును తానే పూరించుకొనును. కావున రాగమును గుర్తించుటకు చిన్న యంత్రమే చాలును. మేలైన యంత్రము చేయు ఉపకారము వేరు. జీవాళిదారము తంబురకు తెచ్చు జుమ్మను నాదమును, మృదంగము ఎడమవైపు గాంభీర్యమును, గాయకుని ఊపిరిని అది విడివిడిగా వినిపించును.

అయితే మైక్రోఫోను గ్రహింపని దానిని ఏ యంత్రమును సృష్టింపజాలదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన నాడు మైక్రోఫోనే లేదు. బూర ముందు పాడిన గొంతు బలమే సూదిని కదలించెడిది. 10 అంగుళముల పలకపై సుమారు 3 నిమిషముల పాట మాత్రమే పట్టెడిది. 1925లో విద్యుత్ ముద్రణము, 1948లో ఒక్కొక్క వైపు 20 నిమిషములకు పైగా పట్టు ఎల్‌.పి. పలక, 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చినవి. ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) గారి ఫిడేలు పలికిన పాత పలకలను నేటి గొప్ప యంత్రముపై పెట్టినచో, నాదముతోపాటు గరగరయు మరింత స్పష్టముగా వినిపించును.

ఇక గది సంగతి. అద్దపు గోడ, చలువరాతి నేల ధ్వనిని వెనుకకు త్రోయును. స్వరముపై స్వరము పడి గమకము అలుకుకొనిపోవును. ధ్వని సెకనునకు సుమారు 343 మీటర్లు పోవును గనుక, 4 మీటర్ల దూరమున ఎదురెదురు గోడలున్న గదిలో సుమారు 43 కంపనములవద్ద, దాని రెట్టింపువద్ద మంద్రధ్వని ఒకచోట ఉప్పొంగి మరొకచోట అణగిపోవును. ఆసనమును రెండడుగులు జరిపినచో ఆ తేడా తెలియును. పైస్థాయి ప్రతిధ్వనులను తివాసి, మందపు తెర, పుస్తకముల బీరువా తగ్గించును. ఖాళీ తరగతిలో ఒకసారి, పిల్లలు నిండిన తరగతిలో ఒకసారి చప్పట్లు చరచి చూపినచో విద్యార్థులే ఈ సూత్రమును కనిపెట్టగలరు.

అన్నిటికంటె వెలలేని యంత్రము చెవి. 80 డెసిబెల్ ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. మరి 3 డెసిబెల్ హెచ్చినచో ఆ కాలము సగమగును. చెవిగొట్టములతో దినమెల్ల హోరు వినువారి లోచెవి సూక్ష్మకణములు ఒకసారి చెడినచో మరల మొలకెత్తవు. స్పీకరు చెడినచో మరొకటి కొనవచ్చును.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఆరంభమైనది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారి గానము అచటినుండి తెలుగు ఇండ్లకు చేరినది. ఆనాటి రేడియో పలికిన ధ్వనివ్యాప్తి నేటి యంత్రముల దానిలో కొంతభాగమే. అయినను ఇల్లంతయు మౌనముగా కూర్చుండి వినెడిది. ఆ మౌనమే వారికి రాగము నేర్పినది. మేలైన యంత్రమును కొనగలవారు కొనుట తప్పు కాదు. ఆ మౌనమును మాత్రము ఏ దుకాణమును అమ్మదు. వారమునకు ఒక్క పీరియడైన పిల్లలచే ఒకే కీర్తనను ఆద్యంతము, మాటలాడకుండ వినిపించు పాఠశాల, కాసు ఖర్చు లేకయే వారికి దానిని ఈయగలదు.