సాలెగూడంత సన్నబట్ట, చింతపండు నీళ్లు

మగ్గం ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లం మనలో చాలామందిమి. మన నేత గురించి పరాయి దేశం వాళ్లు ఏం రాసి పెట్టారో చూద్దామని మార్కోపోలో పుస్తకం తెరిస్తే, బట్ట సంగతి నాలుగు ముక్కల్లో అయిపోతుంది. ఇంకొన్ని పేజీలు తిప్పితే మాత్రం సముద్రపు దొంగలు మీద పడతారు!

మార్కోపోలో వెనిస్ ఊరివాడు, వర్తకుల ఇంట పుట్టినవాడు. 1298లో జెనోవా జైల్లో ఉండి, తోటి ఖైదీ చేత రాయించిన పుస్తకం అది. ఏ రేవులో మిరియాలు దొరుకుతాయి, ఎక్కడ ముత్యాలు, ఎక్కడ గుర్రాలకి గిరాకీ... సగం పుస్తకం షావుకారు చిట్టాలాగే ఉంటుంది. అందులో మన మోటుపల్లి కూడా ఉంది. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఊరు, అప్పట్లో కాకతీయుల పెద్ద రేవు. అక్కడి బట్ట సాలెగూడంత సన్నమనీ, ఎంతటి రాజయినా రాణి అయినా సంతోషంగా కట్టుకుంటారనీ మెచ్చుకున్నాడు. ఏలేది రాణి అనీ చెప్పాడు. ఆవిడ రుద్రమదేవే. పాపం, గణపతిదేవుడి కూతుర్ని పట్టుకుని భార్య అనుకున్నాడు.

ఇక దొంగల సంగతి. మలబారు, గుజరాత్ తీరాల నుంచి ఏటా వందకు పైగా దొంగ ఓడలు బయలుదేరేవట. పెళ్లాం పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వేసవంతా నీళ్లమీదే కాపురం. ఇరవై ముప్పై ఓడలు అయిదారు మైళ్లకొకటి చొప్పున బారుగా నిలబడితే వంద మైళ్ల సముద్రానికి వల పరిచినట్టే. వర్తకుల ఓడ కనబడగానే మంటో పొగో పెట్టి పక్క ఓడకి కబురు. సరుకంతా దోచాక, మనుషుల్ని ఏమీ చెయ్యకుండా వదిలేసేవారు. పోయి మళ్లీ సంపాదించుకోండి, అదీ మాకే దక్కుతుందేమో అని సాగనంపేవారట.

గుజరాత్ దొంగలు ఇంకా గడుసువాళ్లు. పట్టుబడతామని తెలిస్తే వర్తకులు ముత్యాలూ రత్నాలూ మింగేసేవారు. అందుకని వాళ్లచేత చింతపండు కలిపిన సముద్రపు నీళ్లు తాగించేవారు. కడుపులో ఉన్నదంతా బయటికి రావాల్సిందే! మనం చారు కాచుకునే చింతపండుకి ఇంత పని ఉందని ఎవరనుకుంటారు?

అయితే దోచుకున్నది దొంగలొక్కరే కాదు. ఈ పుస్తకానికి అర్ధశతాబ్దం ముందు, 1244-45లో, గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. గాలివానకి దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారని ఆ రాతిమీదే చెక్కించాడు. వాళ్లు చేసిందీ దోపిడీయే, కాకపోతే కిరీటం పెట్టుకుని చేశారు. ప్రాణం కన్నా డబ్బే ఎక్కువనుకుని సముద్రమెక్కిన వర్తకుల మీద దయతో, తాను సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని మాటిచ్చాడు. ఆ సుంకం ఎంతో కూడా రాయించాడు: వచ్చే సరుకుమీదా పోయే సరుకుమీదా ముప్పయ్యో వంతు.