అయోలి: పేరులోనే పాకము

సరకునకు పెట్టిన పేరు కొనువానికి ఇచ్చిన మాట వంటిదని మేము తలంతుము. ఇందుకు అయోలి యొక నిదర్శనము.

ఫ్రాన్సుదేశపు దక్షిణమున ప్రొవాన్సు అను సీమ కలదు. అచ్చటి భాషలో 'అయ్' అనగా వెల్లుల్లి, 'ఓలి' అనగా నూనె. ఈ రెంటితో చేయు నంజుడు పచ్చడియే అయోలి. స్పెయినుదేశమందలి కాటలోనియావారు దీనిని అల్యోలి యందురు; 'వెల్లుల్లియు నూనెయు' అని దాని యర్థము. 1891 సం॥న మిస్త్రాల్ కవి తాను స్థాపించిన పత్రికకు అయోలి యనియే పేరిడెను.

ఒలిచిన వెల్లుల్లి రెబ్బలను ఉప్పుతో చిన్నరోట మెత్తగా నూరి, ఆలివు నూనెను బొట్టుబొట్టుగా వేయుచు నూరవలెను. వెల్లుల్లి గుజ్జు నూనెను సూక్ష్మబిందువులుగా పట్టియుంచుటచే అది వెన్నవలె చిక్కబడును. నూనెను ఒక్కమారుగా పోసినచో విరిగిపోవును. ప్రొవాన్సులో తరచు కోడిగ్రుడ్డు పచ్చసొనను చేర్చెదరు. కాటలోనియా పూర్వపద్ధతిలో గ్రుడ్డు లేదు. ఉడికించిన బంగాళాదుంపలు, కూరగాయలు, ఉప్పుచేపలతో దీనిని నంజుకొందురు.

నేడు ఈ పేరుతో అమ్మబడు సీసాలు కొన్నింటిలో ఆలివు నూనెకు మారుగా వేఱు నూనెయు, పచ్చి వెల్లుల్లికి మారుగా దాని పొడియు నుండును. పేరు నిలిచినది, అర్థము పోయినది.

మన వెల్లుల్లి కారమును, నువ్వుల నూనెయు ఇట్టి పేళ్లే కదా! సంఘముద్రతో సరకు నమ్మునప్పుడు, పైన వ్రాసిన పేరే లోపలి సరకై యుండునట్లు చూచుట మన సభ్యులందఱి విధి. నమ్మకము చెడిన పిమ్మట ధర నిలువదు.